మా వీధిలో నాకెవరూ లేరనుకున్నా, బుడమేరు వచ్చేదాకా

మీ ప్రశ్న చదివి రెండు రోజులు ఆగి రాస్తున్నానండి. కొత్త ఏరియాకి వచ్చి రెండేళ్ళయినా పక్కింటి వాళ్ళ పేర్లు కూడా తెలీవు, ఇంట్లో ఒక మనిషి పోయాక దేవుడి గదిలోకి అడుగు పెట్టబుద్ధి కావట్లేదు, ముక్కూమొహం తెలియని మనిషికి సాయం చేస్తే నమ్మకం తిరిగొస్తుందంటారు, నిజంగా ఎవరికైనా అలా జరిగిందా అని అడిగారు. నాకు జరిగింది. కాకపోతే సాయం చేసినందుకు పుణ్యం వచ్చి మనసు బాగుపడింది అన్నట్టు మాత్రం జరగలేదు, అందుకే మొత్తం చెప్తాను, కొంచెం పెద్దదవుతుంది, ఓపిగ్గా చదవండి.

మాది విజయవాడ, సింగ్ నగర్. 2018లో వచ్చాం ఈ ఇంటికి. నేను ఆటోనగర్‌లో ఒక స్పేర్ పార్ట్స్ షాపులో లెక్కలు రాస్తాను. మా నాన్న ఆర్టీసీలో కండక్టర్‌గా చేసి రిటైరయ్యారు. ఆయన పద్దెనిమిది ఏళ్ళు వరసగా కనకదుర్గమ్మ పేర భవానీ దీక్ష తీసుకున్నారు, కార్తీకంలో మాల వేసుకుని మార్గశిరంలో ఇంద్రకీలాద్రి ఎక్కి ఇరుముడి సమర్పించి వచ్చేవారు. ఇంట్లో ఎర్ర పంచెలు ఆరేసి ఉంటే మాకు చలికాలం వచ్చినట్టు లెక్క.

2021 మే నెలలో కరోనాతో పోయారు. మూడు ఆసుపత్రులు తిరిగాం, మూడోదాంట్లో బెడ్ దొరికింది, నాలుగు రోజులు. చివరిచూపు ప్లాస్టిక్ కవర్లోంచి. నేను ఇంటికొచ్చేసరికి మా వీధిలో ఒక్క తలుపు తెరుచుకుని లేదు. వాళ్ళ తప్పు కాదని ఇప్పుడు తెలుసు, ఎవరి భయం వాళ్ళది, అప్పుడు ఊరంతా అంతే. కానీ నాకు ఆ మూసేసిన తలుపులే కళ్ళల్లో ఉండిపోయాయి. నాన్న దీక్ష బట్టలు ట్రంకుపెట్టెలో పెట్టి అటక మీదకి తోసేశా. దేవుడి గదిలో దీపం మా ఆవిడే పెట్టేది. వీధిలో ఎవరైనా పలకరిస్తే తలూపి వెళ్ళిపోయేవాణ్ణి. మూడేళ్ళు అలాగే గడిచిపోయాయి.

ఇక 2024 సంగతి. ఆగస్టు 31 శనివారం, కుండపోత. మొగల్రాజపురంలో కొండచరియలు విరిగిపడి మనుషులు చనిపోయారని టీవీలో చూస్తున్నాం. బెజవాడ వాళ్ళకి వరదంటే కృష్ణమ్మే కదా, అందరి కళ్ళూ బ్యారేజీ మీదే. నీళ్ళు మాత్రం మాకు వెనకవైపు నుంచి వచ్చాయి, బుడమేరు వాగు నుంచి. పైన మైలవరం కొండల్లో పడిన వాన అంతా అందులోకే దిగుతుంది. వెలగలేరు దగ్గర గేట్లు మూసి ఉంచితే ఆ నీళ్ళు డైవర్షన్ కాలవలోకి మళ్ళి కృష్ణలో కలవాలి, కానీ ఆ టైముకి కృష్ణే నిండుగా పారుతోంది (సెప్టెంబరు 2న ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు, ఎప్పుడూ అంత రాలేదు), ఇక బుడమేరు నీళ్ళు ఎక్కడికి పోతాయి, కట్టకి గండ్లు పడి ఊరి మీదకి వచ్చేశాయి. బుడమేరుని బెజవాడ దుఃఖదాయని అని చిన్నప్పుడు పుస్తకంలో చదువుకున్నాం గానీ అది మా గుమ్మం ఎక్కుతుందని ఎవరనుకుంటారు.

ఆదివారం పొద్దున్నే లేచి చూస్తే వీధిలో మోకాళ్ళ లోతు. మేం ఉండేది మొదటి అంతస్తు. కింద పెట్టిన బండి మెట్ల మీదకి ఎక్కిద్దామని దిగా. నేను బండితో కుస్తీ పడుతుండగానే నీళ్ళు నడుం దాకా వచ్చేశాయి. అప్పుడు వినబడింది, టంగ్ టంగ్ మని స్టీలు పళ్ళెం మీద గరిటెతో కొడుతున్న చప్పుడు. కేక కాదు, మాట కాదు, ఆగి ఆగి ఆ చప్పుడే. ఎదురింటి వెనక పోర్షన్లోంచి.

అక్కడ ఒక ముసలావిడ ఒక్కతే అద్దెకుంటుందని తెలుసు. అంతవరకే తెలుసు. సాయంత్రం పూట గుమ్మంలో చిన్న స్టూలేసుకుని గోంగూర ఒలుచుకుంటూ కనిపించేది. ఆరేళ్ళలో ఒక్క మాట కూడా మాట్లాడిన గుర్తు లేదు నాకు.

వెళ్ళి తలుపు తోస్తే రాదు. లోపలా బయటా నీళ్ళు, చెక్క ఉబ్బిపోయింది. మా వీధి చివర ఆటో నడిపే కుర్రాడు తన ఆటో మునిగిపోతుంటే వదిలేసి వచ్చాడు, "అన్నా, భుజం వెయ్యి" అని. ఇద్దరం కలిసి తోస్తే నాలుగోసారికి తెరుచుకుంది. ఆవిడ మంచం మీద నిలబడి ఉంది, మంచం మీదే నీళ్ళు చీలమండల దాకా. ఫ్రిజ్ వెల్లకిలా తేలుతోంది. ఎత్తుకుంటాను రండి మామ్మగారూ అంటే, "కవరు నాయనా, ఆ మేకుకున్న కవరు" అంటుంది. ఆ కవరు తీసి ఆవిడ చేతికిస్తే అప్పుడు వచ్చింది. చంటిపిల్లంత బరువు కూడా లేదండి, నిజంగా.

మా ఇంటికి తీసుకొచ్చి మా ఆవిడ పొడి చీర కట్టించాక ఆ కవరు విప్పింది. రెండు ఇన్సులిన్ సీసాలు, సిరంజీలు, భర్త ఫోటో, ఆధార్ కార్డు, చెక్క పూసల జపమాల, ముందురోజే వార్డు సచివాలయం వాళ్ళు వానలో ఇంటికొచ్చి ఇచ్చి వెళ్ళిన పెన్షన్ 4000. ఒకటో తారీకు ఆదివారం వచ్చిందని ఆ నెల 31నే పంచారు. ఆ డబ్బు తీసి మా ఆవిడ చేతిలో పెట్టి, "పాలకీ బియ్యానికీ ఉంచమ్మా, ఎన్ని రోజులుంటానో" అంది. మేం వద్దన్నాం. ఆవిడ ఊరుకోలేదు, వెళ్ళి పోపులడబ్బా కింద పెట్టింది.

కూతురు హైదరాబాద్‌లో ఉంటుందట. ఫోన్ చేస్తే ఆ అమ్మాయి ఒకటే ఏడుపు. ఎలా వస్తుంది? కేసముద్రం దగ్గర రైలు పట్టాల కింద మట్టి కొట్టుకుపోయి రైళ్ళన్నీ ఆగిపోయాయి, నందిగామ వైపు హైవే మీద కూడా నీళ్ళే. "అన్నయ్యా, నేను వచ్చేదాకా అమ్మని చూసుకోండి" అంది, నా పేరు కూడా తెలీకుండానే. సరేనమ్మా అన్నాను గానీ నాకు మటుకు గుండెల్లో దడ. ఇంట్లో ఉన్నది అరబస్తా బియ్యం, మంచినీళ్ళ టిన్ను ఒకటిన్నర, ఒక గ్యాస్ బండ అది కూడా అడుక్కొచ్చింది. కరెంటు లేదు. కింద మెట్లు లెక్కపెట్టుకునేవాణ్ణి, పొద్దున్న నాలుగు మునిగినవి రాత్రికి తొమ్మిది మునిగాయి.

ఇన్సులిన్ ఫ్రిజ్‌లో పెట్టాలి కదా. మా బంధువుల్లో నర్సుగా చేసే అమ్మాయి ఉంది, ఫోన్లో చార్జింగ్ ఉన్నంతలో ఆమెకి చేశా. వాడుతున్న సీసాకి నెల దాకా ఏం కాదు, ఎండా వేడీ తగలకుండా చూడండి, రెండోది మట్టికుండలో పెట్టి తడిగుడ్డ చుట్టండి అంది. వేసవిలో మంచినీళ్ళు పోసే కుండ అటక మీద ఉంటే దించి, సీసాని పాలిథిన్ కవర్లో మూటకట్టి అందులో పెట్టి, మా పాప లంగా తడిపి చుట్టాం. దాన్ని తడుపుతూ ఉండే డ్యూటీ మా పాపది. తొమ్మిదేళ్ళ పిల్ల, గంటగంటకీ లేచి చూసుకునేది.

అంతా బాగానే ఉందనుకుంటే సోమవారం సాయంత్రం భయపెట్టింది. పొద్దున ఎప్పటి డోసే వేసుకుంది, కానీ తిన్నది రెండు ముద్దలు, మిగతాది పాపకి పెట్టమని పళ్ళెం తోసేసింది. చీకటి పడే వేళకి మా ఆవిడ "ఏవండీ, మామ్మగారు ఏదోలా ఉన్నారు" అని పిలిచింది. చూస్తే నుదుటి మీద చెమట, చేతులు చల్లగా వణుకుతున్నాయి, మాట ముద్దముద్దగా వస్తోంది. షుగర్ పడిపోయిందని నర్సమ్మాయి చెప్పిన మాటలు గుర్తొచ్చి గ్లాసు నీళ్ళలో మూడు చెంచాలు పంచదార కలిపి, మా ఆవిడ తల పట్టుకుంటే నేను కొద్దికొద్దిగా తాగించా. మింగుతోంది కాబట్టి సరిపోయింది. పావుగంట. ఆ పావుగంట నేను ఎవర్ని తలుచుకున్నానో ఇప్పటికీ చెప్పలేను, కానీ పెదాలు కదిలాయి, మా ఆవిడ చూసింది. తేరుకున్నాక మామ్మగారి మొదటి మాట "పాప తిన్నదా?" (ఇంట్లో ఇన్సులిన్ వేసుకునే పెద్దవాళ్ళుంటే ఇది గుర్తుంచుకోండి, తిండి సరిగ్గా లేని రోజు డోసు ఎంతో డాక్టర్‌ని ముందే అడిగి పెట్టుకోండి. మేం అడగలేదు.)

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆవిడకి మళ్ళీ ఏమన్నా అవుతుందేమో అని ఆ గది గుమ్మంలోనే చాప వేసుకుని పడుకున్నా. చిమ్మచీకటి, కింద మెట్లకి నీళ్ళు కొట్టుకుంటున్న చప్పుడు, ఎక్కడో కుక్క మేడ మీద నుంచి ఏడుస్తోంది. ఏ పన్నెండింటికో ఆవిడ లేచి కూర్చుని జపమాల తీసింది. గుణదల మాతని, అంటే మేరీమాతని నమ్ముకున్న మనిషి. నేను నిద్రపోయాననుకుందేమో, గొంతు బాగా తగ్గించి చదువుతోంది. ఒక్కో పూసకీ ముందు మంత్రంలాగా ప్రార్థన, దాని వెనకే ఒక ఇల్లు. "ఇడ్లీ బండి ఆవిడ, మోకాళ్ళ నొప్పి తల్లీ." మళ్ళీ ప్రార్థన. "ఆటో అబ్బాయి వాళ్ళమ్మ, కళ్ళు." మళ్ళీ. "కుట్టుమిషన్ ఇంట్లో కోడలు, కడుపు నిలబడాలి." "మూలింట్లో సార్, తాగుడు మానాలి." అలా పూస తర్వాత పూస, పది పూసలకి పది ఇళ్ళు. పేర్లు ఆవిడకీ తెలీవు. బాధలు తెలుసు. గుమ్మంలో గోంగూర ఒలుచుకుంటూ కూర్చున్న మనిషి వీధి మొత్తాన్ని చూసుకుంటోందని నాకేం తెలుసు.

తర్వాత పూస. "మేడ మీద, తండ్రి పోయిన అబ్బాయి."

నేను లేచి కూర్చున్నా. కాసేపు మాట రాలేదు. "మామ్మగారూ, అది నేనే" అన్నా.

"తెలుసు నాయనా" అంది, పూస వేళ్ళ మధ్య పట్టుకునే. "ఆ రోజు ఆటోలోంచి ఒక్కడివే దిగావు. కాళ్ళకి చెప్పుల్లేవు. కిటికీలోంచి చూశా. బయటికి రావాలంటే భయమేసింది, అప్పుడు నాకు జ్వరంగా ఉంది, నా వల్ల నీకేమన్నా అంటుతుందేమో అని. అప్పట్నుంచి ఒక పూస నీదే."

చెప్పులు. నాకు అది గుర్తే లేదండి. ఆసుపత్రి బయట ఎక్కడో వదిలేశానన్నమాట. మే నెల ఎండలో ఆ రోడ్డు మీద కాళ్ళు కాలిన గుర్తు కూడా లేదు నాకు, మా ఆవిడకి లేదు, ఎవ్వరికీ లేదు. ఆ కిటికీ వెనక ఒక్క మనిషికి ఉంది. మూడేళ్ళ మూడు నెలలు, రోజూ ఒక పూస, నా పేరు కూడా తెలీకుండా.

మేడ పైకి వెళ్ళి వాటర్ ట్యాంక్ పక్కన కూర్చున్నా. నాన్న పోయినప్పుడు ఏడవలేదు నేను, పనులున్నాయి, కాగితాలున్నాయి, ఆక్సిజన్ బిల్లు కట్టాలి. ఆ రాత్రి ఏడ్చా. చుట్టూ నీళ్ళు, ఊరంతా చీకటి, ఇంద్రకీలాద్రి ఎటువైపో కూడా తెలీలేదు కానీ ఆ వైపే అనుకుని దణ్ణం పెట్టుకున్నా.

మీరు అడిగిన నమ్మకం నాకు తిరిగొచ్చింది అక్కడే. ఆవిడని నీళ్ళలోంచి ఎత్తుకొచ్చినప్పుడు కాదు. నేను ఎవరూ లేరని మొహం తిప్పుకుని తిరిగిన అన్ని రోజులూ నాకోసం దేవుడి దగ్గర ఒకరు నిలబడే ఉన్నారు. అది తెలిశాక దేవుడు లేడని అనడం నా వల్ల కాలేదు. ఆవిడ దేవుడు వేరు, మా నాన్న అమ్మవారు వేరు అని ఎవరన్నా వాదిస్తే వాదించుకోండి, నాకు ఆ రాత్రి ఆ తేడా కనిపించలేదు. మీ వీధిలో కూడా అలాంటి మనిషి ఒకరు ఉండే ఉంటారని నేను గట్టిగా నమ్ముతాను.

మంగళవారానికి మంచినీళ్ళు అయిపోవచ్చాయి. హెలికాప్టర్ నుంచి పొట్లాలు పడుతున్నాయి, డ్రోన్లు కూడా తిరుగుతున్నాయి, కానీ మా వీధి లోపలికి, మా మేడ మీద ఒక్కటీ పడలేదు, ఒకటి పక్కనే నీళ్ళలో పడి తేలుకుంటూ పోతే పాప చూస్తూ నిలబడింది. బోట్లు మెయిన్ రోడ్డు మీదే తిరుగుతున్నాయి, కేకేస్తే వినబడదు. ఏదైనా రంగు గుడ్డ ఊపాలి అంది మా ఆవిడ, అని అటక మీదున్న ట్రంకుపెట్టె వైపు చూసింది. నేను ఏం మాట్లాడలేదు. స్టూలెక్కి దించా. నాన్న ఎర్ర పంచె, మడత విప్పగానే కర్పూరం వాసన ఇంకా ఉంది. దండెం కర్రకి కట్టి మేడ మీద ఎత్తి పట్టుకున్నా, చెయ్యి లాగితే ఆటో కుర్రాడు పట్టుకునేవాడు, వాళ్ళ కుటుంబం కూడా అప్పటికి మా మేడ మీదే ఉంది. గంటన్నర. బోటు వచ్చింది. అందులో ఉన్నతను "ఎర్రగుడ్డ చూసి భవానీలెవరో ఉన్నారని తిప్పామండి" అన్నాడు. మామ్మగారినీ పాపనీ ముందు ఎక్కించాం. సింగ్ నగర్ ఫ్లైఓవర్ దగ్గర దించారు, అక్కడ్నుంచి పటమటలో మా పిన్నివాళ్ళింటికి. మామ్మగారు కూడా మాతోనే. వినాయక చవితి 7న వచ్చింది, అక్కడే చేసుకున్నాం, పత్రి ఎక్కడ దొరుకుతుంది ఆ వరదలో, పెరట్లో ఉన్న నాలుగాకులతోనే. ఉండ్రాళ్ళు ఆవిడ కోసం బెల్లం లేకుండా విడిగా చేసింది మా పిన్ని. కూతురు ఆ మర్నాడు వచ్చి చేరింది, వచ్చీ రాగానే వాళ్ళమ్మని వదిలేసి ముందు మా పాపని పట్టుకుని ఏడ్చింది, కుండ తడిపిన సంగతి ఫోన్లో విందిలెండి.

నీళ్ళు తీశాక ఆ బురద సంగతి చూసినవాళ్ళకే తెలుస్తుంది. ఫైరింజన్లు వచ్చి పైపులతో ఇళ్ళు కడిగాయి. ఆవిడ గదిలో మిగిలింది గరిటె, పళ్ళెం, మంచం కోళ్ళు. గ్రౌండ్ ఫ్లోర్ వాళ్ళకి 25,000, పైన ఉన్నవాళ్ళకి 10,000 ఇస్తామని ప్రభుత్వం ప్రకటించింది కదా, ఆవిడది వెనక పోర్షన్ అని మొదటి లిస్టులో రాలేదు, నేను షాపుకి సెలవు పెట్టి మూడుసార్లు సచివాలయానికి తిరిగా. మూడోసారి నాతో ఇడ్లీ బండి ఆవిడ, మూలింటి సార్ కూడా వచ్చారు, ఈవిడ ఇక్కడే ఉంటుంది అని చెప్పడానికి. వాళ్ళిద్దరితో నేను మాట్లాడటం అదే మొదలు. డబ్బు పడింది.

ఆ కార్తీకంలో నేను మాల వేసుకున్నా. నాన్న పంచె ఉతికినా బురద మరక ఒక మూల పోలేదు, అదే కట్టుకున్నా. మామ్మగారు దీక్షలో ఉన్నానని నా దగ్గరికి రావడానికి జంకేది, గుమ్మం బయట నిలబడి అరటిపళ్ళు ఇచ్చి, "భవానీ, తీసుకో" అనేది. మొదటిసారి ఆ పిలుపు ఆవిడ నోట విన్నప్పుడు నాకు నాన్న ఫ్రెండ్స్ అందరూ ఇంటికొచ్చినట్టనిపించింది. ఫిబ్రవరిలో గుణదల తిరునాళ్ళకి, 9 నుంచి 11 దాకా జరుగుతుంది కదా, నేను తీసుకెళ్ళా. కొండ మెట్లు ఎక్కలేదు ఆవిడ. కొబ్బరికాయ, కొవ్వొత్తులు నా చేతికిచ్చి కింద కూర్చుంది. ఎవరెవరి పేర అని అడిగితే పది ఇళ్ళూ వరసగా చెప్పింది, నేను మెట్లెక్కుతూ మర్చిపోకుండా పైకి అనుకుంటూ వెళ్ళా, పక్కన వెళ్ళే వాళ్ళు చూస్తున్నా సరే.

ఆ వేసవి నుంచి ఆవిడ హైదరాబాద్‌లో కూతురి దగ్గరే ఉంటోంది, ఆరోగ్యం అంతంతమాత్రం. ప్రతి ఆదివారం సాయంత్రం ఆరింటికి ఫోన్ వస్తుంది. నా సంగతి ఒక్క నిమిషమే, తర్వాత వరసగా ఒక్కో ఇల్లూ అడుగుతుంది, తెలీదంటే ఒప్పుకోదు, "కనుక్కుని చెప్పు నాయనా, ఏమని అడగను ఆ తల్లిని" అంటుంది. అందుకని శనివారం షాపు నుంచి రాగానే బండి పెట్టేసి వీధి చివరిదాకా నడుస్తున్నా. కుట్టుమిషన్ ఇంట్లో కోడలికి ఆడపిల్ల పుట్టింది, అది చెప్పేశా. మూలింటి సార్ మొన్న మళ్ళీ తాగొచ్చారు, అది చెప్పాలా వద్దా తెలీట్లేదు. ఆటో అబ్బాయి వాళ్ళమ్మకి కంటి ఆపరేషన్ ఈ వారమే అన్నారు, రేపు ఆరింటిలోపు వెళ్ళి కట్టు విప్పారో లేదో కనుక్కోవాలి.